కన్నీరు గీయని అచ్చుబొమ్మలు

బాగన్ దాతుక్ నుండి పడవలో పులావ్ సెంబిలాన్ దీవులకు వెళ్ళి చీకటి పడేదాకా ఆగితే, ఒడ్డుకు తగిలే నీళ్ళు నీలంగా వెలగడం చూడొచ్చు. అన్ని రాత్రులూ కాదు, వెన్నెల లేనప్పుడే బాగా కనిపిస్తుంది. నీళ్ళలో ఉండే కంటికి ఆనని జీవులు కదలిక తగలగానే మెరుస్తాయి, అంతే సంగతి. కానీ పర్యాటకుల కోసం దీనికి పెట్టిన పేరు ‘బ్లూ టియర్స్’, అంటే నీలి కన్నీళ్ళు. ఆ పేరు విన్నాక ఆ నీళ్ళను నీళ్ళుగా చూడటం కష్టం. మనకు ఏ భావం కలగాలో టికెట్టుతో పాటే చేతిలో పెట్టేశారు.

మన ప్రవాస కథల్లో, ముఖ్యంగా ఈ దేశపు తోటల మీద రాసినవాటిలో, నాకు తరచు ఎదురయ్యే ఇబ్బంది ఇదే. పేరాక్ నది సముద్రంలో కలిసే ఈ మూల, కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల మధ్య, తెలుగువాళ్ళది చాలా పాత కాపురం. పాత రాతల్లో దీన్ని బాగన్ దాతో అనేవారు. 2017లో విడి జిల్లా అయింది. 1938లో అప్పటి భారత ప్రభుత్వం మలయాకు కూలీల వలసను ఆపేదాకా కంగాణీల వెంట వచ్చినవాళ్ళ మనవలూ మునిమనవలూ ఇప్పుడు ఇక్కడ ఉన్నారు. వాళ్ళ గురించి రాసిన కథలో ఓడ ఉంటుంది, వెనక్కి తిరిగి చూసే కళ్ళుంటాయి, ఆ కళ్ళలో నీళ్ళుంటాయి. కొబ్బరిచెట్టు కూడా దిగులుగానే ఊగుతుంది. కథ అయిపోయేసరికి పాత్రల కళ్ళు తడిసి ఉంటాయి, పాఠకుడి కళ్ళు మాత్రం పొడిగానే ఉంటాయి. రాసినవాళ్ళకు బాధ లేదని కాదు. బాధ ఉంది. అది దేనికీ అడ్డం పడకుండా నేరుగా కాగితం మీదకు జారిపోయింది.

దీనికి మందు వేరే కథల్లో వెతకడం కంటే అచ్చుబొమ్మల్లో వెతకడం మేలని నాకు కొన్నేళ్ళుగా అనిపిస్తోంది. పొరపాటున కాదు, కావాలనే అంటున్నాను, బొమ్మల్లో అని కాదు, అచ్చుబొమ్మల్లో అని. కుంచెతో వేసే చిత్రకారుడు కూడా కావాలంటే రంగును కన్నీరులాగా ఒలకబోయగలడు. అచ్చుబొమ్మ వేసేవాడికి ఆ వీలు లేదు.

తెలుగులో అచ్చు అనే మాటకు మర్యాద తక్కువ. ‘అచ్చుగుద్దినట్టున్నాడు’ అంటే వాళ్ళ నాన్నలా ఉన్నాడని, తనదంటూ కొత్తగా తెచ్చింది లేదని. అచ్చంటే నకలు, నకలంటే ప్రాణం లేనిది. కానీ ఇంకో వాడుక ఉంది, అచ్చుపోసిన ఆంబోతు. దేవుడి పేర కాల్చిన ఇనుముతో ఒంటి మీద ముద్ర వేసి ఊరి మీదకు వదిలేసిన ఎద్దు. ఆ మాటను తిట్టుగానే వాడతాం, ముద్ర పడిన క్షణాన ఆ ఎద్దుకు ఎలా ఉండి ఉంటుందో ఆలోచించం. ఎచింగ్ అనగానే నాకు గుర్తొచ్చేది ఈ రెండో అచ్చు.

చూడనివాళ్ళ కోసం నాలుగు మాటలు. రాగి రేకు మీదో జింకు రేకు మీదో ఆమ్లానికి లొంగని పూత పూస్తారు. దాని మీద సూదితో గీస్తే గీత పడినచోట పూత పోయి లోహం బయటపడుతుంది. రేకును ఆమ్లంలో ముంచితే అది ఆ గీతల వెంట లోహాన్ని తింటుంది. ఎంతసేపు ఉంచితే అంత లోతు. తర్వాత పూత తుడిచేసి, సిరా రుద్ది, పైపైన ఉన్నది గుడ్డతో తుడిచి, తడి కాగితం వేసి ప్రెస్సులో తిప్పితే గుంటల్లో మిగిలిన సిరా కాగితానికి అంటుకుంటుంది. అదీ ఎడమ కుడై, కుడి ఎడమై. కోపంలో గీసిన గీత కాగితం చేరేసరికి కోపం చల్లారిపోతుంది. చల్లారాక కూడా ఏదైనా మిగిలితే అదే బొమ్మ. మా సాఫ్ట్‌వేర్ పనిలో ఎంత ఘోరం చేసినా ‘అన్‌డూ’ అని ఒకటుంటుంది. రేకు తినేసిన లోహాన్ని మళ్ళీ తెచ్చి పెట్టలేం. గీకి, రుద్ది, చదును చేసే పద్ధతులున్నాయి గానీ ఎక్కడో జాడ ఉండిపోతుంది.

భావానికి తగిన పదార్థం దొరకడం ఎంత కష్టమో చూడాలంటే జర్మనీకి చెందిన కేథె కోల్విట్జ్ కన్నా మంచి ఉదాహరణ లేదు. 1914లో, యుద్ధం మొదలైన కొన్ని వారాలకే ఆమె కొడుకు పీటర్ చనిపోయాడు. అప్పటికే ఆమె పేరున్న ఎచింగ్ కళాకారిణి. చేయి తిరిగిన మనిషి. అయినా ఆ దుఃఖం ఎచింగ్‌లో కుదరలేదు, రాతి అచ్చులోనూ కుదరలేదు. ఏళ్ళు గడిచాయి. 1920లో ఎర్న్‌స్ట్ బార్లాఖ్ చెక్క అచ్చులు చూశాక చెక్క పట్టుకుంది. అప్పుడు వచ్చినవే ‘యుద్ధం’ అన్న పేరుతో ఉన్న ఏడు బొమ్మలు, 1922, 23 ప్రాంతంలోవి. అందులో ‘తల్లిదండ్రులు’ అనే దాంట్లో ఇద్దరూ మోకాళ్ళ మీద కూలబడి ఒకరిలోకి ఒకరు ఒదిగిపోయి ఉంటారు. ముఖాలు కనబడవు. ఎచింగ్‌లో ఉండే సన్నటి గీతలకు, ముడతలకు, కంటి కింద నీడలకు చెక్కలో చోటు తక్కువ. ఉలి తీసేసింది తెలుపు, వదిలేసింది నలుపు. తనకు బాగా వచ్చిన నైపుణ్యాన్ని పక్కన పెట్టి, తనకు అడ్డం పడే పదార్థాన్ని ఆమె వెతుక్కుంది. మన దగ్గర సోమనాథ్ హోర్ ఇంకా ముందుకు వెళ్ళి, 1970లలో ‘గాయాలు’ అని వేసిన వరుసలో సిరానే వదిలేశాడు. తెల్లటి కాగితపు గుజ్జు మీద తెల్లటి కోతలు, చీలికలు. నెత్తురు రంగు ఎక్కడా పెద్దగా కనబడదు, అయినా చూస్తుంటే చర్మం జలదరిస్తుంది.

ఈ దారిలో మన తెలుగువాడు ఒకాయన చాలా దూరం నడిచాడు. అందులోనూ ప్రవాసి. అయినా మన ప్రవాస సాహిత్య వ్యాసాల్లో ఆయన పేరు దాదాపు కనిపించదు. కృష్ణారెడ్డి గారు 1925లో చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివారు, మద్రాసు కళాక్షేత్రలో కొన్నాళ్ళు బొమ్మలు నేర్పారు, 1949లో లండన్ వెళ్ళారు, అక్కణ్ణుంచి పారిస్. పారిస్‌లో జాడ్కిన్ దగ్గర శిల్పం, స్టాన్లీ విలియం హేటర్ నడిపే అతెలియే 17లో అచ్చుబొమ్మలు. తర్వాత ఆ అతెలియేకి హేటర్‌తో పాటు ఆయనా ఒక పెద్దదిక్కయ్యారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. ఆ దశాబ్దంలోనే న్యూయార్క్ చేరి, 2018 ఆగస్టులో అక్కడే పోయారు. మలేసియా పాఠకులకు ఇంకో ముక్క: 1960ల రెండో సగంలో సెలంగోర్‌కు చెందిన చిత్రకారుడు లాంగ్ థియెన్ షీ కూడా పారిస్ వెళ్ళి ఆ అతెలియేలోనే పని నేర్చుకున్నాడు. అంటే చిత్తూరు నుండీ, మనమున్న ఈ తీరం నుండీ వెళ్ళిన దారులు ఒకసారి ఆ గదిలో కలిశాయి.

కృష్ణారెడ్డి గారి గురించి రాసేవాళ్ళు ఆయన పద్ధతి దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. నేనూ పద్ధతితోనే మొదలుపెడతాను, కానీ దాన్నుంచి భావానికి దారి ఉందని నా నమ్మకం. మామూలుగా రంగుల అచ్చు తీయాలంటే రంగుకొక రేకు కావాలి, లేదా ఒకే రేకును మళ్ళీ మళ్ళీ ప్రెస్సులో పెట్టాలి. 1950లలో అతెలియేలో కైకో మోతీ, కృష్ణారెడ్డి, హేటర్ కలిసి పట్టుకున్న కిటుకు వేరు. ఒకే రేకు, ఒకేసారి ప్రెస్సు, అన్ని రంగులూ. రేకును ఒక్క లోతులో కాక మెట్లు మెట్లుగా తొలుస్తారు. సిరాలో అవిసె నూనె పాళ్ళు మారుస్తారు. ముందు గట్టి రోలరుతో నూనె ఎక్కువున్న పల్చటి సిరా పూస్తే అది ఎత్తుగా ఉన్న భాగాలకే అంటుతుంది. తర్వాత మెత్తటి రోలరుతో నూనె తక్కువున్న చిక్కటి సిరా దొర్లిస్తే, ఆ రోలరు కింది మెట్లలోకి కూడా దిగి అక్కడ సిరా వదిలిపెడుతుంది. పైన ఇంతకుముందే ఉన్న జిడ్డు మీద మాత్రం అది నిలవదు. పెనం మీద నూనె ఎక్కువైతే దోసెపిండి పట్టు దొరకక జారిపోతుంది చూడండి, అలాగే.

దీని ఫలితం ఏమిటంటే రంగులు ఒకదాన్నొకటి కప్పేయవు. పక్కపక్కన చుక్కలు చుక్కలుగా నిలబడతాయి. దూరం నుండి చూస్తే మన కన్నే వాటిని కలుపుకోవాలి. దగ్గరకు వెళ్తే మళ్ళీ విడిపోతాయి. ఆయన శిల్పం నేర్చినవాడు కనక ఆమ్లాన్నే నమ్ముకోకుండా ఉలులతో, మరలతో జింకును చెక్కేవాడు. ఆ రేకులు చదునుగా ఉండవు, చిన్న చిన్న లోయల్లా ఉంటాయి. అచ్చు తీసినప్పుడు కాగితం ఆ లోయల్లోకి దిగి, లేచి, ఉబ్బుతుంది. 2016 చివర ఆఫీసు పని మీద న్యూయార్క్ వెళ్ళినప్పుడు మెట్రోపాలిటన్ మ్యూజియంలో హేటర్, కృష్ణారెడ్డి, జరీనా హాష్మి, ముగ్గురివీ కలిపి పెట్టిన ప్రదర్శన నడుస్తోంది. పుస్తకాల్లో చూసిన బొమ్మలకూ కాగితం మీద ఉన్నవాటికీ తేడా అక్కడ అర్థమైంది. పుస్తకంలో రంగు మాత్రమే వస్తుంది, లోతు రాదు.

ఇప్పుడు బొమ్మలు. 1963లో వేసిన ‘వర్ల్‌పూల్’ తీసుకోండి. సుడిగుండం. నీలం, దాని లోపల ఇంకో నీలం, సన్నటి గీతలు పాయలు పాయలుగా లోపలికి తిరుగుతుంటాయి. ఇందులో మునిగేవాడు లేడు, పడవ లేదు, ఒడ్డున నిలబడి చేతులు చాచే తల్లి లేదు. అయినా దీని ముందు రెండు నిమిషాలు నిలబడితే కాళ్ళ కింద ఏదో కదిలినట్టుంటుంది. భయమని పేరు పెట్టొచ్చు, ఆయన మాత్రం పెట్టలేదు. పర్యాటకుల పడవవాడైతే ‘నీలి దుఃఖం’ అని పెట్టి ఉండేవాడు.

‘డెమాన్‌స్ట్రేటర్స్’ 1968 నాటిది. పారిస్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చిన ఏడాది. నినాదాల పోస్టర్లు అప్పుడు ఊరంతా ఉన్నాయి, అవీ అచ్చుబొమ్మలే. కృష్ణారెడ్డి గారి బొమ్మలో మాత్రం నినాదం లేదు. నిలువుగా నిలబడ్డ మనుషులు, మనుషులో స్తంభాలో వెంటనే చెప్పలేని ఆకారాలు. ఫలానా అబ్బాయి, ఫలానా అమ్మాయి అని గుర్తుపట్టే ముఖాలు లేవు. కోపం ముఖంలో ఉంటుందనుకుంటాం మనం. ఇక్కడ కోపం వాళ్ళు నిలబడ్డ తీరులో ఉంది, పక్కపక్కన ఒకరినొకరు కప్పేయకుండా నిలబడటంలో ఉంది. రంగులు ఎలా నిలబడ్డాయో మనుషులూ అలాగే నిలబడ్డారు. పద్ధతి భావంగా మారడమంటే ఇదే. దీనికన్నా బాగా వివరించడం నాకు చేతకాదు.

ఇక ‘గ్రేట్ క్లౌన్’. కూతురితో సర్కస్‌కు వెళ్ళినప్పుడు కలిగిన ఊహ అంటారు. నడుమ విదూషకుడు, అతని నుండి నలువైపులా విచ్చుకుంటూ పోయే గీతలు. అతను ఆడిస్తున్నాడో, ఆ గీతల్లో తానే చెదిరిపోతున్నాడో తేలదు. ఒకే రేకు నుండి ఆయన రంగులు మార్చి మార్చి ఎన్నో ప్రతులు తీశారు. ఒకదాంట్లో పండగలా ఉన్నవాడు ఇంకోదాంట్లో చలికి వణుకుతున్నట్టుంటాడు. రేకు అదే, గీత అదే. అచ్చంటే నకలనే మన మాటకు ఇంతకన్నా సమాధానం ఏం కావాలి? నా మటుకు నాకు, పరాయి దేశంలో పదిమందిని నవ్వించి మెప్పించి బతికే మనిషిని గురించి ఇంత నిజాయితీగా చెప్పిన ప్రవాస కథ తెలుగులో ఇంకా రావాలి. ఆయన అలా అనుకుని వేశారని నేను చెప్పడం లేదు. నేను అలా చూశాను.

అన్నీ గొప్పవేనని కూడా అనను. కొన్ని బొమ్మల్లో నైపుణ్యం మరీ మెరుగు పెట్టుకుని, ముచ్చటగా ఉంది అనుకుని దాటిపోయేలా చేస్తుంది. పసిపిల్లల మీద వేసిన కొన్నిటిలో నాకు లోతు కన్నా ముద్దే ఎక్కువ కనిపించింది. 1988లో వచ్చిన ఆయన పుస్తకంలో సిరాల గురించీ రేకుల గురించీ చెప్పినంత పదునుగా ప్రకృతి, జీవం, సమస్తం వంటి పెద్ద మాటలు పలకవు. చేయి మాట్లాడినంత స్పష్టంగా నోరు మాట్లాడలేదు. అదేం లోపం కాదనుకోండి.

అసలు అభ్యంతరం ఇంకోటుంది, అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. కృష్ణారెడ్డి గారి బొమ్మల్లో నందనూరు ఎక్కడ? చిత్తూరు ఎక్కడ? అలా అడిగేవాళ్ళు కె. లక్ష్మాగౌడ్‌ను చూపిస్తారు. ఆయన 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. హైదరాబాదులో, తర్వాత బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. చదువు ముగించి సొంత ఊరు తిరిగి చూసినప్పుడు బొమ్మకు కావలసిందంతా అక్కడే దొరికింది. మేకలు, చెట్లు, బరువైన ఒళ్ళు, సిగ్గులేని కోరిక, పక్కనే ఒక రకమైన కొంటెతనం. ఆయన తొలి ఎచింగుల గీత సూదిగా గుచ్చుకుంటుంది. తెలంగాణ పల్లె ఆ గీతలో ఉన్నంత ఒట్టిగా, అలంకారం లేకుండా, అప్పటి మన కవిత్వంలో కూడా లేదేమో.

అయితే ఆయన తిరిగి వెళ్ళగలిగారు. ఊరు ఉంది, మేకలున్నాయి, ఆ భాష చుట్టూ వినిపిస్తోంది. తిరిగి వెళ్ళనివాడు ఊరిని గీస్తే చాలాసార్లు అది కాలెండరు బొమ్మ అవుతుంది. కృష్ణారెడ్డి గారు ఆ పని చేయకపోవడాన్ని నేను మరిచిపోవడంగా చూడను, ఒక నియమంగా చూస్తాను. తన చేతికి అందుతున్నదాన్నే చెక్కాడు: నీరు, గుంపు, సర్కస్. మనం సరిగ్గా దీనికి ఉలటా చేస్తున్నాం. బాగన్ దాతుక్‌లో కూర్చుని, ఎన్నడూ చూడని గోదావరి మీద కథలు రాస్తాం. ఎదురుగా ఉన్న ఉప్పునీరు తోటలోకి రాకుండా కట్టిన కట్ట, అందులో అలల పోటు తగ్గాక తెరిచే నీటి తలుపు, కొబ్బరికాయ పీచు ఒలవడానికి నేలలో పాతిన ఇనుప మొన, కొబ్బరి ఎండబెట్టే పొగగూడు, ఇవి కథలోకి వస్తే వెనక తెర మీద బొమ్మల్లా వస్తాయి, చేతికి గుచ్చుకునేలా రావు. ఆ ఇనుప మొన మీద రోజుకు వందల కాయలు కొట్టిన అరచేయి ఎలా ఉంటుందో రాసినవాళ్ళెవరు? అక్కడ రెండు చేతుల బలమూ మొన మీదకు వెళ్తుంది. ఏ కొంచెం జారినా చేయి పోతుంది. దుఃఖం అనే మాట వాడకుండా ఆ పని ఒక్కటీ వర్ణిస్తే చాలదా?

ఈ అనుమానం నాకు బలపడింది ఇక్కడి పాత తోట మనుషుల మాటలు వినడం వల్లే. వీళ్ళ తాతల ఊళ్ళు చాలావరకు ఉత్తరాంధ్రవి, మాట ఇంకా ఆ యాసలోనే ఉంది. తెలుగు బడులు మూతబడ్డాక చదవడం పోయింది గానీ మాట పోలేదు. ఎనభై దాటిన ఒకావిడను తోటలోని లైను ఇళ్ళు ఖాళీ చేసి వచ్చిన రోజు గురించి అడిగాను. పుట్టింది అందులోనే, పెళ్ళయ్యింది అందులోనే. నేను, దాచుకోవడమెందుకు, కాస్త కన్నీరు వస్తుందనే అడిగాను. ఆవిడ తమలపాకుకు సున్నం రాసుకుంటూ ఇలా అంది:

“ఏటుంది బాబూ. సామానంతా లారీ ఎక్కించేసినాం. పొయ్యే తెచ్చుకోలేకపోనాం. మట్టి పొయ్యి కదా, ఎత్తితే ఇరిగిపోద్ది.”

అంతే. తర్వాత మనవరాలి ఉద్యోగం గురించి మాట్లాడింది. కోల్విట్జ్ ముఖాలు దాచినట్టు, హోర్ సిరా తీసేసినట్టు, ఈవిడ ఇల్లు వదిలిన రోజంతా పొయ్యిలో పెట్టేసింది. కదిలిస్తే విరిగిపోయేది ఏదో ఆవిడ చెప్పలేదు. చిక్కటి సిరా జిడ్డు మీద నిలవనట్టు, నేను పూయాలనుకున్న జాలి ఆ మాట మీద నిలవలేదు.

ఈ మాట నేను చెప్పగా విన్న ఒక కథకుడు మిత్రుడు దాన్ని తన కథలో పెట్టుకున్నాడు. మంచి కథే. కాకపోతే ఆవిడ మాట కింద ఇంకో వాక్యం చేర్చాడు, ఆ పొయ్యితో పాటే ఆమె గుండె కూడా అక్కడే ఉండిపోయిందని. ఆ వాక్యం తీసేయమని మూడుసార్లు అడిగాను. అది లేకపోతే పాఠకులకు అర్థం కాదంటాడు. కథ అచ్చుకు వెళ్ళడానికి ఇంకా టైముంది కనక నాలుగోసారి కూడా అడుగుతాను.